చీమలపిట్టకి పేరు

"పిట్టకి నీ పేరే పెడుతున్నాను కదే, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు మా ఆయన నెస్టోర్, అసాయీ పళ్ళ గుజ్జు తిన్న గిన్నెలు నేను కడుగుతుంటే. మా అత్తగారు డోనా జుల్మిరా ముక్కున వేలేసుకుంది. "మీ మామగారు బతికుండగా నాకొక్క పువ్వు తేలేదమ్మాయ్. నీకు మొగుడు అడివిలో పిట్టనే ఇస్తున్నాడు!" అంతలో మా బెలేం ఊళ్ళో రోజూ పడే వాన రానే వచ్చింది. ఆరేసిన బట్టల కోసం నేనే పరుగెత్తాను.

అసలు ఆ సంగతి పట్టింది నేను. తపజోస్ నదికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఉన్నది ఒకటే చీమలపిట్ట అనుకునేవారు అందరూ, ఈకలో తేడా లేదు. అవతలి ఒడ్డు పిట్ట కూతలో చివర ఒక ఈల ఎక్కువుందన్నాను. "బీన్సు కుక్కర్ హోరు ఇంకా వదల్లేదు నీ చెవుల్ని" అన్నాడు ల్యాబులో అందరి ముందూ. అందరితో పాటు నేనూ నవ్వాను, సిగ్గు లేకుండా. తర్వాత మ్యూజియంలో ఎండబెట్టి దాచిన పాత పిట్టల పాదాల నుంచి గోరంత ముక్కలు కోసి, నాలుగు నెలలు డీఎన్ఏ తీసిందీ నేనే. లక్షల ఏళ్లుగా కలవని రెండు జాతులని తేలిన రోజు ల్యాబులో ఒక్కదాన్నే ఉన్నాను. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి చెబితే, "మంచిది. చేపలో ఉప్పు తగ్గింది" అన్నాడు.

ఈ కొత్త జాతి గురించి రాసిన వ్యాసంలో రచయితలు, మా ఆయనతో కలిపి నలుగురూ మగాళ్ళే. నేను ఎక్కడో చివర, "ఓపిగ్గా సహకరించిన నా భార్యకి" అన్న కృతజ్ఞతలో ఉన్నాను. అదేమిటంటే, "మా వృత్తి మర్యాద నీకు తెలుసుగా, జాతికి పేరు పెట్టేవాళ్ళు తమ పేరు తాము పెట్టుకోరు. నువ్వు రచయితవైతే పిట్టకి నీ పేరెలా పెడతాను?" అన్నాడు. మా వృత్తి అట! పద్దెనిమిదేళ్లుగా ఆ ల్యాబులో నేను అంట్లు తోముతున్నానా? ఒళ్ళు మండిపోయింది. ఆ మంట చెప్పుకోవడానికి కూడా ఆ ఇంట్లో నాకు మనిషి లేదు.

వ్యాసం రేపు పంపాలి, తప్పులుంటే దిద్దమని ల్యాప్‌టాప్ నా ముందు పెట్టి ఊయల్లో పడుకున్నాడు. దిద్దాను. పిట్ట పేరులోంచి నన్ను తీసేశాను. రచయితల వరసలో మొట్టమొదట నా పేరు, ఇరాసిల్డా అని టైపు కొట్టాను. నా ల్యాబు నోటుపుస్తకం ఫొటోలు కూడా జోడించి మిగతా ముగ్గురు రచయితలకీ పంపించేశాను.

"అయిందా?" అన్నాడు ఊయల్లోంచి.

"అయింది. పిట్టకి నది పేరు పెట్టాను. నా పేరు నాక్కావాలి."