జాబితాలో ఆమె పేరు

ఐదేళ్ల కిందట మార్చి పదకొండో తేదీన మాస్టారూ ఆయన భార్యా బడి మెట్ల మీద కూర్చుని ఒక అరటిపండును చెరి సగం తిన్నారు. అప్పుడే ఓటేసి బయటికొచ్చారు. రెండు గంటలు నిలబడి కాళ్లు పీకుతున్నా ఆమె ముఖం కళకళలాడుతోంది.

"ఆసుపత్రి కడతామన్నారు కదండీ, చూద్దాం" అంది.

కట్టారు. రిబ్బను కూడా కత్తిరించారు. మూడేళ్లకు ఆమెకు ఊపిరాడని రోజున తీసుకెళ్తే తలుపుకు తాళం వేసి ఉంది. డాక్టరును వెయ్యనే లేదట. ఇంకో ఆసుపత్రి చేరేదాకా ఆమె ప్రాణం నిలవలేదు. అప్పటినుంచి ఓటు మాటెత్తితే మాస్టారు అక్కణ్ణించి లేచి వెళ్లిపోతారు. ముప్పై ఏళ్లు కాలేజీ లైబ్రరీలో పనిచేసిన మనిషి, గొంతు పెంచడం ఆయనకు చేతకాదు.

మళ్లీ పోలింగు రోజు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ఆయన చొక్కాకు గుండీ కుట్టుకుంటుంటే మైకు వచ్చాడు. ఎన్నికలప్పుడల్లా పార్టీ బండెక్కి అరుస్తాడని వీధిలో అతనికి ఆ పేరు.

"ఏరా, గొంతు పోయిందా?"

"పోయిందండీ. మన బూత్‌లో నూటికి ముప్పై మంది కూడా రాలేదు. పొద్దున్నించీ గడప గడపా తొక్కుతున్నాను. ఒకాయన కుక్కను వదిలాడు. ఇవాళ నన్ను పట్టించుకుంది అదొక్కటే."

మాస్టారికి నవ్వొచ్చింది. మైకు నవ్వలేదు.

"మిమ్మల్ని రమ్మననులెండి. పిన్నిగారి ఓటరు కార్డు ఇస్తే చాలు. పేరింకా లిస్టులోనే ఉంది. ఎవరో ఒకావిడ వెళ్లి వేసొస్తుంది."

మాస్టారు సూది పక్కన పెట్టారు. "ఆవిడ చేతి అన్నం తిన్నావురా నువ్వు."

"అందుకే అడగడానికొచ్చాను. కార్డు లేకపోయినా పని ఆగదు మాస్టారూ." తల దించుకుని వెళ్లిపోయాడు.

పేరు తీయించమని ఎన్నికల ఆఫీసువాళ్లు ఫారం రెండుసార్లు పంపారు. రెండుసార్లూ ఆయన దాన్ని నిఘంటువులో దాచేశారు. మిగతా కాగితాలన్నిట్లోంచీ ఆమె వెళ్లిపోయింది. ఆ జాబితాలో మాత్రం ఆయన పేరు కింద ఆమె పేరు ఉంది. ఎప్పుడూ వరస తప్పి ఎవరి ముందూ నిలబడని మనిషి పేరును, తను ఎవరికో వదిలేసినట్టయింది. ఫారం తీసి నింపారు. చొక్కా తొడుక్కున్నారు.

బడిలోని బూత్‌లో జనం లేరు. అధికారిగా వచ్చిన టీచరమ్మ అట్టతో విసురుకుంటోంది.

"నా కింద పేరు నా భార్యదమ్మా. ఆ పేరు మీద ఎవరైనా వచ్చారా?"

"లేదండీ. ఏం?"

"ఆవిడ లేరు." నింపిన ఫారం బల్ల మీద పెట్టారు. "రెండేళ్లయింది."

టీచరమ్మ విసురుకోవడం ఆపింది. "పేరు తీసెయ్యడం ఆఫీసు పనండీ. ఈ కాగితం అక్కడికి పంపిస్తాను." పేరు మీద గీత కొట్టలేదు. పక్కన పెన్సిలుతో చిన్నగా ఒక మాట రాసింది. పేరు ఎప్పటిలాగే చక్కగా కనిపిస్తోంది. తర్వాత గోడవారగా కూర్చున్న పార్టీ ఏజెంట్ల వైపు తిరిగింది. "విన్నారుగా. ఈ పేరు చెప్పుకుని ఎవరొచ్చినా పోలీసులకు అప్పజెబుతాను."

మాస్టారు పేజీ వైపు చూశారు. పేర్ల ఎదురుగా ఎన్నో గడులు ఖాళీగా ఉన్నాయి. రానివాళ్లందరి బదులూ ఎవరో ఒకరు వచ్చేలా ఉన్నారు.

"నాదీ ఖాళీయేనా అమ్మా?"

"ఖాళీయేనండీ."

ఆయన వేలు చాపారు. ఎవరి మీదా కొత్తగా నమ్మకం పుట్టలేదు. తన ఓటు తనే వెయ్యాలనిపించింది, అంతే.

ఓటేసి బయటికొచ్చేసరికి మెట్ల మీద మైకు కూర్చుని ఉన్నాడు. "నా పేరు చెప్పారా?"

"చెప్పలేదు. నువ్వు ఓటేశావా?"

మైకు నసిగాడు. "తీరిక లేదండీ... ఎవరికెయ్యాలో కూడా తెలీలేదు."

"ఇంకా పావుగంట ఉంది. వెళ్లు."

మైకు చెప్పులు సర్దుకుని, లేచి లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చి మాస్టారి పక్కన కూర్చున్నాడు. వేలి మీద సిరా ఇంకా తడిగా ఉంది.

వేళ దాటింది. టీచరమ్మా మిగతావాళ్లూ సీలు వేసిన పెట్టెతో బండెక్కి వెళ్లిపోయారు. చీకటి పడుతుండగా బడి అటెండరు దీపం ఆర్పి, లోపల ఇంకెవరైనా ఉండిపోయారేమోనని ఒకసారి తొంగి చూసి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.