నీళ్ళ దాకా వెళ్ళనివాడు

లాడ్జి గదిలో తెల్లటి దుప్పటి మీద నడుం వాల్చినప్పుడు, ఆస్పత్రి మంచం మీద శుభ్రమైన పక్క చూసి కాస్త ధైర్యం తెచ్చుకున్నప్పుడు, ఆ తెలుపు ఎక్కడి నుంచి వచ్చిందని మనలో ఎవరం ఆలోచిస్తాం? మాసిన బట్ట మూటగా వెళుతుంది, మల్లెపువ్వులా తిరిగి వస్తుంది. మనకు తెలిసింది అంతే. ఆ వెళ్ళడానికీ రావడానికీ మధ్య జరిగిన కథ ఇది.

రేకుల కప్పు కింద పొడవాటి షెడ్డు. ఒక చివర ఉతికే యంత్రాలు. మరో చివర ఇస్త్రీ రోలర్లు, వాటి పక్కన మడతల బల్ల. మధ్యలో గోడకు కుళాయి, దాని కింద సిమెంటు తొట్టి. యంత్రాల పక్కన నీలం పీపాల్లో కాస్టిక్ సోడా కలిపిన నీళ్ళు. జిడ్డు వదలాలంటే అవి సలసల కాగే వేడితో యంత్రంలోకి పోవాలి. జిడ్డు వదిలాక బట్టలో మిగిలిన కాస్టిక్‌ను చంపడానికి, ఇంకో పీపాలోంచి పలచటి ఆసిడ్ కలిపి ఆఖరిసారి జాడిస్తారు. దాన్ని అక్కడివాళ్ళు పులుపు నీళ్ళంటారు. పులుపు తగిలితే కాస్టిక్ కోరలు ఊడిపోతాయని ఆ షెడ్డులో చీపురు పట్టేవాళ్ళకు కూడా తెలుసు. సగం తెలిసిన ఆ ముక్కే తరవాత కొంప ముంచింది.

యంత్రాల మీద పెత్తనం మేస్త్రిది. మడతల బల్ల దగ్గర అతని భార్య. ఆమె కాపురానికి వచ్చేనాటికి మరిది లాగూ జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని తిరిగే పిల్లవాడు. అత్తగారు మంచాన పడి పోయాక, వాడికి తల దువ్విందీ, పరీక్ష తప్పితే అన్న చేతి దెబ్బలు తినకుండా అడ్డం నిలబడిందీ ఆమే. ఇప్పుడు వాడికి మీసాలు వచ్చాయి, అన్న పక్కనే యంత్రం నడిపే పనీ వచ్చింది. ఏదైనా కావలసి వస్తే వదిన కాస్తా వదినమ్మ అయ్యేది.

"వదినమ్మా, నువ్వెంత చల్లని తల్లివో."

"విషయం చెప్పరా, వెన్న తరవాత పూద్దువుగాని," అనేది ఆమె.

కాస్టిక్ చుక్కలు ఒంటిమీద చిందడం ఆ షెడ్డులో వింత కాదు. పడితే ప్యాంటుకు తుడుచుకుని పని చేసుకోవాలి. కుళాయి దగ్గరకు పరుగెత్తినవాడు కప్ప. నీళ్ళు కనబడితే గెంతేది కప్పే కదా అని మేస్త్రి ఎప్పుడో అన్నాడు. ఆ మాట పట్టుకుని, ఎవరు కుళాయి తిప్పినా యంత్రాల వైపు నుంచి బెకబెకలు లేచేవి. అందరికంటే బాగా అరిచేది మేస్త్రే. అతని చేతులు మోచేతుల దాకా మచ్చలు పడి, బండబారి ఉండేవి. వాటిని పతకాల్లా చూపించేవాడు. యజమాని అప్పుడెప్పుడో పంపిన పొడవాటి చేతితొడుగులు మేకుకు వేలాడుతూ బూజు పట్టాయి. వాటిని తొడుక్కున్నవాడికి కప్ప కంటే అన్యాయమైన పేరు ఉండేది, అది ఇక్కడ రాయలేం.

నవ్వు నాలుగు విధాల చేటు అన్నారు పెద్దలు. కానీ ఆ నవ్వు లేకపోతే ఆ వేడిలో, ఆ ఘాటులో పొద్దు గడిచేది కాదని కూడా ఒప్పుకోవాలి. పనిలో చేరిన కొత్తలో మరిది ముంజేతి మీద కాస్త చిందింది. వాడు అమాయకంగా కుళాయి దగ్గరకు పరుగెత్తాడు. చేతికి మచ్చ కూడా మిగల్లేదు గాని, పేరు మాత్రం మిగిలిపోయింది. ఇంట్లో వదిన కూడా "కప్పగారూ, భోజనానికి దయచేయండి" అనేది. వాడూ నవ్వేవాడు. ఆ నవ్వు వెనక వాడు ఎంత ఉడికిపోతున్నాడో తల్లి తరవాత తల్లి అయిన ఆమె కూడా గమనించలేదు.

ఆ రోజు భోజనాల గంటకు ముందు, మరిది నడిపే యంత్రం కింద నీళ్ళు వదిలే గొట్టం జాయింటు దగ్గర ఊడింది. కాగుతున్న కాస్టిక్ నీళ్ళు ఒక్కసారిగా ఎగదన్ని అతని కాలి మీద పడ్డాయి. ప్యాంటును బూటులోకి దోపుకోవడం అక్కడి అలవాటు. పడిన నీళ్ళు మోకాలి నుంచి జారి బూటులోకి దిగి, అక్కడే నిలిచాయి.

వదిన చూసింది. దుప్పటి అంచు పళ్ళతో పట్టుకుని రెండో కొస కోసం చేయి చాపుతూ తలెత్తి చూసింది. వాడు ఒంటికాలి మీద గెంతాడు. తల తిప్పి కుళాయి వైపు చూశాడు. పట్టుమని పది అడుగులు లేదు. పక్క యంత్రం దగ్గర గుండు, ఎప్పుడూ తల నున్నగా గీయించుకునే కుర్రవాడు, బెకబెకమనడానికి నోరు సున్నాలా చుట్టి సిద్ధంగా ఉన్నాడు. మేస్త్రి నడుం మీద చేతులు పెట్టుకుని తమ్ముణ్ణి చూస్తున్నాడు. మరిది కాలు నేలకేసి రెండుసార్లు తాటించి, "ఏం లేదులే" అన్నట్టు చెయ్యి ఊపి, గొట్టం బిగించడానికి వంగాడు. మేస్త్రి అతని వీపు చరిచాడు. వదిన కూడా నవ్వింది. మావాడు గట్టిపడ్డాడు అనుకుంది.

భోజనాల దగ్గర అడిగింది. "కాలెలా ఉందిరా?"

"కాసేపు ప్రాణం పోయిందనుకో. ఇప్పుడేం లేదు. బూటులో జారుడుగా ఉంది, సబ్బు పూసినట్టు."

"విప్పి కడుక్కోరాదూ?"

"కడిగితే ముందు అరిచేది మీ ఆయనే. సాయంత్రం చూద్దాంలే వదినా, నొప్పి లేదంటున్నాగా."

ఈలోగా గంట కొట్టారు, రోలర్లు తిరగడం మొదలుపెట్టాయి, ఆమె బల్ల దగ్గరకు వెళ్ళిపోయింది.

సాయంత్రం బట్టలు మార్చుకునే బల్ల మీద కూర్చుని వాడు బూటు లాగాడు. రాలేదు. గుండు పట్టి లాగితే వచ్చింది. దానితో మేజోడు వచ్చింది, మేజోడుతో పాటు పాదం మీది చర్మమూ వచ్చింది. రక్తం పెద్దగా లేదు. మడమ నుంచి పిక్క దాకా కండ మెత్తగా, గోధుమరంగులో, నానిన సబ్బుముక్కలా ఉంది.

"ఆస్పత్రికి తీసుకెళ్దామండీ," అంది వదిన.

"దీనికి ఆస్పత్రి ఎందుకు?" అన్నాడు మేస్త్రి. ముప్పై మంది ముందు మేస్త్రి మేస్త్రిలాగే ఉండాలి. "పులుపు నీళ్ళు పట్రండి. దుప్పట్లో కాస్టిక్ చచ్చేది దాంతోనేగా. మనిషికి మాత్రం వేరే శాస్త్రం ఉంటుందా?"

బకెట్టుతో తెచ్చి పోశాడు. అంతసేపూ నొప్పి లేదన్నవాడు వదిన భుజంలో గోళ్ళు దిగేలా పట్టుకుని కేక పెట్టాడు.

"చూశావా, విరుగుతోంది," అన్నాడు మేస్త్రి.

ఇంట్లో కాలికి పసరు పూసి, మెత్తటి పాత గుడ్డతో చుట్టారు. మర్నాడు మరిది హుషారుగానే ఉన్నాడు. గాయం మధ్యలో సూదితో గుచ్చుకుని, "చూడు వదినా, చీమ కుట్టినట్టు కూడా లేదు, నాదీ అన్న చేతుల్లాంటి కాలే" అని గొప్పలు పోయాడు. నొప్పి తెలియకపోవడమే అన్నిటికంటే పెద్ద ప్రమాదమని ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? తరవాత గుడ్డలోంచి వాసన మొదలైంది. కాలు మోకాలి పైదాకా ఉబ్బింది. ఒళ్ళు పెనంలా కాలిపోతూ, కప్పుకేసి చూస్తూ గొట్టం బిగించమని ఎవరికో చెప్పడం మొదలుపెట్టాడు. మేస్త్రి పనిలో ఉన్నాడు. వదిన ఇక ఎవరినీ అడగలేదు. పక్కింటివాళ్ళ సాయంతో వాణ్ణి బండిలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది.

కాలిన గాయాల వార్డులో తల నెరిసిన పెద్ద సిస్టర్ గుడ్డ విప్పి చూసింది. "కాస్టిక్ పడ్డాక ఎంతసేపు కడిగారమ్మా?"

"కడగలేదమ్మా," అంది వదిన.

"ఏం పోశారు?"

"పులుపు నీళ్ళు. మా షెడ్డులో బట్టలకి..." అని ఆగిపోయింది.

సిస్టర్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అమ్మా, బట్టకి చర్మం లేదు, కింద కొవ్వు లేదు. కాస్టిక్ మనిషి మీద పడితే ఆ కొవ్వునే సబ్బు చేసుకుంటూ లోపలికి పోతుంది. అందుకే జారుడుగా ఉందన్నాడు. జారింది బూటు కాదు, అతని ఒళ్ళే. నరాలు చచ్చాయి, అందుకే నొప్పి తెలియలేదు. దానిమీద ఆసిడ్ పోస్తే రెండూ కలిసి వేడి పుట్టించి మళ్ళీ కాలుస్తాయి. బూటూ బట్టా అప్పటికప్పుడే విప్పేసి, కుళాయి కింద గంటసేపైనా పారే నీళ్ళతో కడిగి, శుభ్రమైన గుడ్డ కప్పి తీసుకొస్తే..." అని ఆ మాట పూర్తి చేయకుండా గాయం మీదికి వంగింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? అయినా పట్టుకున్నారు. చచ్చిన కండను కోసి తీశారు. సెలైన్లు ఎక్కించారు. కట్టు మార్చే ప్రతిసారీ వాడి అరుపులు వరండా చివరిదాకా వినబడేవి. లోపల బతికున్న కొద్దిపాటి నరాలే అంతలా అరిపించేవి. తొడ మీది మంచి చర్మం పలచగా తీసి కాలి మీద పరిచారు. చీము దాన్ని నిలవనివ్వలేదు. చివరికి డాక్టరు వదినను పక్కకు పిలిచి, కాలు తీసేస్తేనే మనిషి దక్కవచ్చని చెప్పాడు. సంతకం మేస్త్రి పెట్టాడు. ఆ బండబారిన చేతిలోంచి కలం జారిపోతే, వదినే తీసి మళ్ళీ చేతిలో పెట్టింది.

కాలు పోయాక ఒక పూట వాడికి తెలివి వచ్చింది.

"వదినమ్మా," అన్నాడు.

ఏం కావాలో అడుగుతాడని ఆమె వంగింది. వాడేమీ అడగలేదు. "ఆ రోజు గొట్టం ఊడినప్పుడు నేను అరవలేదు కదూ?" అన్నాడు.

"లేదు నాన్నా," అంది ఆమె. అంతకంటే ఏం చెప్పగలదు? వాడు తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. విషం అప్పటికే రక్తంలోకి ఎక్కింది. మూత్రం ఆగిపోయింది, ఊపిరి బరువెక్కింది. మళ్ళీ తెలివి రాలేదు.

పరామర్శకు షెడ్డు షెడ్డంతా వచ్చింది. ముందు గది చాలక వాకిట్లో బల్లలు వేశారు. యజమాని వచ్చి, అంతా విధి అని చెప్పి వెళ్ళాడు. మేస్త్రి గోడకు చేరగిలబడి, "వాడి రాత" అంటున్నాడు. ఎవరు వచ్చినా అదే మాట. వదిన వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు అందిస్తోంది. గుండు గ్లాసు అందుకోబోయి చెయ్యి చాపినప్పుడు, పొడుగు చేతుల చొక్కా మణికట్టు దగ్గర తడిగా, మెరుస్తూ కనిపించింది. చటుక్కున కిందికి లాక్కున్నాడు.

"ఏమిటది?"

"ఏం లేదక్కా. పొద్దున కాస్త చిందింది."

"కడిగావా?"

గుండు ముందు మేస్త్రి వైపు చూశాడు. తరవాత పక్కన కూర్చున్న తోటి పనివాళ్ళ వైపు చూశాడు. చనిపోయినవాడి ఇంట్లో కూర్చుని కూడా, ఎవరు నవ్వుతారో అని చూసుకున్నాడు.

అప్పుడు ఆమెకు నిజంగా భయం వేసింది. మరిది చావు ఎవరికీ ఏమీ నేర్పలేదు. రేపూ యంత్రాలు తిరుగుతాయి, ఇంకో తల్లి ఇంకో బూటు లాగుతుంది. గుండు రెక్క పట్టుకుని లేపి, వాకిట్లో నీళ్ళ తొట్టి దగ్గరకు ఈడ్చుకెళ్ళింది. చొక్కా చెయ్యి చింపేసింది. గొట్టం పెట్టి నీళ్ళు వదిలింది. ముంజేయి అప్పటికే గోధుమరంగుకు తిరిగింది.

"ఇప్పుడు కడిగితే లాభం ఉందా అక్కా?" అన్నాడు గుండు. వాడి గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది.

"తిన్నది తిరిగి రాదు. ఇంకా తినేది తగ్గుతుందేమో. కడిగాక ఆస్పత్రికి పోదాం."

బల్లల మీదివాళ్ళు ఒక్కరొక్కరే లేచి చుట్టూ చేరారు. మేస్త్రి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "వాడి రాత..." అని మళ్ళీ మొదలుపెట్టాడు.

"రాత కాదండీ," అంది ఆమె, గొట్టం మీంచి చూపు తిప్పకుండా. భర్తకు నలుగురిలో ఎదురుచెప్పడం ఆమెకు అదే మొదలు. "వాడు కుళాయి వైపు చూశాడు. నా కళ్ళతో నేను చూశాను. పది అడుగులు. కాస్టిక్ తిన్నది వాడి కాలినే. ఆ పది అడుగులు వెయ్యనివ్వంది మన నవ్వు. మీరు నవ్వారు, నేనూ నవ్వాను. ఒళ్ళు కాలుతున్నవాడు నీళ్ళకోసం పరుగెత్తితే దారివ్వండి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళండి. నవ్వకండి. నవ్వితే వాడు ఆగిపోతాడు. ఆగిపోయినవాణ్ణి మోసుకెళ్ళాల్సింది మళ్ళీ మనమే."