పెట్టె మీద కోడిపిల్ల

చెల్లెలు పురిటా పోయిన ఇంట్లో కూడా బెనిల్డాకు అందరి తప్పులూ కనిపిస్తూనే ఉన్నాయి. కాఫీలో చక్కెర ఎక్కువైంది. బయట పందిరి కింద శవజాగారానికొచ్చి పేకాడుతున్న ఇరుగుపొరుగు మరీ గట్టిగా నవ్వుతున్నారు. శవపేటిక తలవైపు కుర్చీలో కూలబడ్డ మరిది ఆర్సెనియో గడ్డమైనా గీసుకోలేదు.

"పోయిన రోజు నుంచీ అదే చొక్కా. పెళ్లాం ముందైనా శుభ్రంగా కూర్చోలేవా?" అంది.

"రేపు మార్చుకుంటాలే వదినా."

రేపు! ఆ మాటే ఆమెకు గిట్టలేదు. రేపు పొద్దున పురిటాను మట్టిలో పెట్టగానే ఇతను కూతురు మాయుమిని తీసుకుని బతంగాస్‌లో తల్లి ఇంటికి వెళ్లిపోతాడు. ఆ పిల్లకు అన్నం తినిపించింది, జడ వేసింది, జ్వరమొస్తే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది తను. పురిటా చేసిందల్లా కనడం. బతికుండగానే పిల్లను తీసుకుని వెళ్లిపోదామని మూటలు కూడా కట్టింది, విశ్వాసం లేని మనిషి. ఆ సాయంత్రమే ఏటివైపు మెట్ల మీద కాలు జారింది. వానాకాలం కదా, నాచు. అప్పుడు బెనిల్డా వెనిగర్ కోసం కొట్టుకు వెళ్లింది. అడిగిన వాళ్లందరికీ అదే చెప్పింది. అడగని వాళ్లకూ చెప్పింది.

అయితే ఈ మధ్యాహ్నం ఆమెకొక ఆలోచన వచ్చింది. ఆ వేళ ఆర్సెనియో ఎక్కడున్నాడు? ఊళ్ల మధ్య జనాన్ని ఎక్కించుకుని జీప్నీ బండి నడుపుతున్నానన్నాడు. చూసిందెవరు? ఆలోచించే కొద్దీ అతనే తోశాడని నమ్మకం కుదిరింది. నమ్మకం కుదిరాక కళ్లకు కట్టినట్టు కనబడింది కూడా. పై మెట్టు మీద పురిటా, ఆమె వీపు మీద ఒక అరచెయ్యి. ఆ చెయ్యి ఎవరిదో మటుకు ఆమె మరీ పరీక్షగా చూడలేదు. భార్యను చంపిన వాడి చేతికి పిల్లనెవరు ఇస్తారు?

పెరట్లోంచి ఒక కోడిపిల్లను పట్టుకొచ్చి, పురిటా ముఖం కనిపించే అద్దం మూత మీద పెట్టింది.

పందిరి కింద పేకాట ఆగిపోయింది. ఆ ఊళ్లో ఎవరో చంపగా పోయిన వాళ్ల పెట్టె మీద తప్ప కోడిపిల్లను పెట్టరు. అది అద్దం మీద పొడిచిన ప్రతి పోటూ చంపిన వాడి గుండెలో తగులుతుందంటారు.

ఆర్సెనియో లేచి దగ్గరకొచ్చాడు. కోడిపిల్ల అతని వేళ్ల కిందకు దూరి కళ్లు మూసుకుంది. బెనిల్డా చిరాకుపడి తనూ ముందుకు వంగింది. అది కళ్లు తెరిచింది. టక్, టక్, టక్. వెనక్కు జరిగితే ఊరుకుంది. మళ్లీ వంగితే మళ్లీ టక్, టక్. అద్దం కింద పురిటా పెదవి చివర ఇందాక లేని నవ్వు ఉన్నట్టనిపించింది.

"ఆకలి దానికి," అంది.

కోడలి చావుకు బతంగాస్ నుంచి వచ్చిన ఆర్సెనియో తల్లి, అందరూ లోలా, అంటే అవ్వా, అని పిలిచే ముసలావిడ, అల్లం టీ గ్లాసు కింద పెట్టింది. "ఏమే బెనిల్డా, దీన్ని ఎవరు పెట్టమన్నారు?"

"నేనే పెట్టాను. నా చెల్లెలికి న్యాయం జరగొద్దా?"

"కాలు జారిందని ఊరంతా చాటింది నువ్వే కదే. మాకెవ్వరికీ రాని అనుమానం నీకెందుకొచ్చింది?"

అందరూ తన వైపే చూస్తున్నారు. బెనిల్డాకు కోపం తన్నుకొచ్చింది. "జారితే చెప్పులు కాళ్లకుండాలిగా! పై మెట్టు మీద పక్కపక్కన ఎందుకుంటాయి? తోశారు కాబట్టి! అడగండి మీ కొడుకుని!"

ముసలావిడ గొంతు పెంచలేదు. "చెప్పులు కింద రాళ్ల మీద, దాని పక్కనే పడున్నాయి. ఊరంతా చూసింది. పై మెట్టు మీద ఉండగా చూసిందెవరే? నువ్వు కొట్టుకెళ్లావు కదా."

వెనిగర్ గురించి చెబుదామని బెనిల్డా నోరు తెరిచింది. గుర్తొచ్చింది మాత్రం తడిసిన రబ్బరు చెప్పులు. వాటిని చేత్తో పట్టుకుని, జారకుండా ఒక్కో మెట్టూ చూసుకుంటూ తను దిగడం. ఎంత జాగ్రత్తగా దిగిందని!

"మాయుమీ, ఇలా రా తల్లీ. పెద్దమ్మ నీకెప్పుడైనా అబద్ధం చెప్పిందా?"

పిల్ల రాలేదు. పెట్టెకు అవతలి వైపు నుంచే చేతులు చాచి కోడిపిల్లను తీసుకుని ఒళ్లో దాచుకుంది.

"నిన్ను చూస్తే దీనికి భయమేస్తోంది పెద్దమ్మా," అంది.

ఆర్సెనియో వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. కోడిపిల్ల మాయుమి ఒళ్లో నిద్రపోయింది. అద్దం మీద ఏమీ లేదు.

టక్, టక్, టక్.

"ఆపండి దాన్ని," అంది బెనిల్డా, గుండె మీద చెయ్యి అదుముకుంటూ. "ఎవరైనా ఆపండి."