హైమావతి టీచరు ఆది జాకెట్టు

నేను ఒక జాకెట్టును. మామూలు జాకెట్టునైతే ఈపాటికి వంటగట్టు తుడిచే గుడ్డనై, ఆ తరవాత ఎటో పోయి, కథ చెప్పుకునే అవస్థ తప్పేది. నేను ఆది జాకెట్టును. మా వైపు ఆడవాళ్ళు కొత్త జాకెట్టు కుట్టించుకోవాలంటే టేపు పెట్టి ఒళ్ళు కొలిపించుకోరు. సరిగ్గా అమరిన పాతదొకటి సంచిలో పెట్టి దర్జీ చేతికిచ్చి, దీని ప్రకారం కుట్టమంటారు. అంటే మనిషి కొలత మనిషి దగ్గర ఉండదు, నా దగ్గర ఉంటుంది. అంత నమ్మి అప్పజెప్పిన మనిషికి నేను పదకొండేళ్ళు అబద్ధం చెప్పాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఇప్పుడు నాకు దాచుకోవడానికి కూడా పెద్దగా ఏమీ మిగల్లేదు.

పాలకొల్లులో దర్జీ సత్తార్ గారి కొట్లో, నశ్యం రంగు టూ బై టూ గుడ్డలోంచి పుట్టాను. హైమావతి అప్పటికి ముప్పై అయిదేళ్ళ హిందీ టీచరు. పుట్టుకతోనే సన్నం. నన్ను మొదటిసారి తొడుక్కుని అద్దం ముందు చేతులెత్తి దించి, భుజాలు తిప్పి చూసుకుని, ఇక ఇదే నా ఆది అంది. నాకు అంతకంటే ఏం కావాలి? మిగతా జాకెట్లు బడికి పోయి చెమటలు కక్కుతుంటే నేను దండెం మీద దర్జాగా వేలాడేదాన్ని.

స్టాఫ్‌రూంలో మిగతా టీచర్లు రెండేళ్ళకోసారి ఆదులు మార్చేవారు. "మీకేమండీ హైమావతి గారూ, పెళ్ళినాటి ఒళ్ళు పెళ్ళినాటిలాగే ఉంది" అనేవారు. ఆవిడకి పెళ్ళే కాలేదు. అయినా ఆ మాట మహా ఇష్టంగా వినేది. ఆటల టీచరు ఒకావిడ పొద్దున్నే నడకకి రమ్మంటే, "నాకెందుకండీ, తగ్గడానికి నా దగ్గరేవుంది?" అని నవ్వేది. పొద్దున కాఫీ, మధ్యాహ్నం గుప్పెడన్నంలో మజ్జిగ, సాయంత్రం రెండు ఇడ్లీలు, గురువారం అవి కూడా లేవు. తిండి విషయంలో ఆవిడంత పొదుపరిని నేను చూడలేదు. అది ఆరోగ్యమనుకుంది ఆవిడ. నేనూ అదే అనుకున్నాను. జాకెట్టుకి ఇంతకంటే ఏం తెలుస్తుంది అని తప్పించుకోవచ్చు గానీ, నాకు తెలిసింది.

ఆవిడ యాభైయవ ఏట ఒకసారి, అమరిక చూద్దామని నన్ను తొడుక్కుంటే నా చేతులు వదులయ్యాయి. ఆవిడ చేయి సన్నబడింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని లాగి చూసి, "బట్ట సాగినట్టుంది" అంది. ఇన్నేళ్ళ సర్వీసులో నా బట్ట వెంట్రుకవాసి సాగలేదు. అయినా నింద నేనే మోశాను. ఎందుకంటే నింద మోస్తే ఉద్యోగం నిలుస్తుంది. ఆవిడ సూదీ దారం తెచ్చి, లోపలివైపు నుంచి రెండు చేతులకీ చెరొక కుట్టు వేసి బిగించింది. మూడేళ్ళకి ఇంకోటి. మరి మూడేళ్ళకి ఇంకోటి. నడుము దగ్గర మాత్రం అడుగు హుక్కు అంగుళం పాతిక జరగాల్సి వచ్చింది. పైన కండ పోయింది, కింద కొవ్వు చేరింది. బరువు మిషను ఎక్కితే మాత్రం ఎప్పుడూ అదే నలభై ఎనిమిది. మిషను దానికి తోచింది అది చెప్పింది. పైదీ కిందదీ రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

సత్తార్ గారు ఒకసారి నన్ను తిరగేసి చూసి, "టీచరుగారూ, చేతులు ఇంత తగ్గాయేంటండీ? ఒంట్లో బాగానే ఉంటోందా?" అని అడిగాడు.

"బట్ట సాగిందండీ సత్తార్ గారూ. మీరు ఆ కుట్ల మీదుగానే కొలత తీసుకోండి" అంది ఆవిడ. ఆయన టేపు ఆ కుట్ల మీదే పెట్టాడు.

హైమావతి రిటైరయ్యాక వాళ్ళక్క మాణిక్యం వచ్చి చేరింది. మాణిక్యం భారీ మనిషి, నోరూ భారీయే. తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. కొడుకు శ్రీకర్ విజయవాడలో లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉంటాడు. అందుకని నేనుండగా నీకెందుకురా అని హైమావతే పట్టుబట్టి తెచ్చుకుంది. అక్కాచెల్లెళ్ళకి ఒకరంటే ఒకరికి ప్రాణం. రోజంతా వాదించుకునేవారు, అదే వాళ్ళ కాలక్షేపం. వారానికి రెండుసార్లు ప్రిస్కిల్లా అని ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి మాణిక్యం చేత కాళ్ళు ఆడించి వెళ్ళేది. మంచం మీంచి కుర్చీలోకి మార్చడం మాత్రం రోజూ హైమావతి పని. మార్చిన ప్రతిసారీ గోడ పట్టుకుని నిలబడి ఆయాసం దిగమింగుకునేది. అక్కకి కనబడకుండా దండెం వైపు తిరిగేది. అంటే నా వైపు.

ఒక మంగళవారం పొద్దున తొమ్మిదింటికి అక్కని లేపబోతుంటే హైమావతి మోకాళ్ళు మడతపడ్డాయి. ఇద్దరూ మెల్లిగా నేల మీదికి జారారు. దెబ్బలేం తగల్లేదు. కానీ మాణిక్యం తుంటి మూలంగా లేవలేదు. ఏ జబ్బూ లేని హైమావతి కూడా లేవలేకపోయింది. చేతులు నేలకి ఆనించి రెండుసార్లు ప్రయత్నించింది. మూడోసారి ప్రయత్నించలేదు.

"నాకంటే తుంటి విరిగిందే. నీకేవైందే?" అంది మాణిక్యం.

హైమావతి అక్క చీర సర్దింది. పదకొండింటికి పనిమనిషి వచ్చేదాకా ఇద్దరూ మంచం కోడుకి ఆనుకుని కూర్చున్నారు. ఆ రెండు గంటలూ మాణిక్యం ఒక్క వేళాకోళం ఆడలేదు. నాకు అదే భయం వేసింది.

మర్నాడే శ్రీకర్ వచ్చి తల్లిని తీసుకెళ్ళి ఏలూరు దగ్గర ఒక వృద్ధాశ్రమంలో చేర్చాడు. "పిన్నీ, నిన్నేమీ అనడం లేదు. నువ్వు అమ్మని ఒక్కదానివే లేపగలిగిన రోజు కబురు చెయ్యి, తెచ్చి దింపుతా" అన్నాడు. మంచివాడే, న్యాయంగానే మాట్లాడాడు. మాణిక్యం కారెక్కేటప్పుడు చెల్లెలి వైపు చూడలేదు. ఏడుపు ఆపుకోవడానికని నాకర్థమైంది. హైమావతికి వేరేగా అర్థమైంది.

విషయం తెలియక ప్రిస్కిల్లా మామూలుగా వచ్చింది. ఖాళీ మంచం చూసి, జరిగింది విని, "ఆంటీ, చేతులు కట్టుకుని ఈ కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోండి" అంది. హైమావతి ఒక్కసారి లేచింది. రెండోసారికి చెయ్యి కుర్చీ మీద పడింది. అప్పుడా అమ్మాయి కళ్ళు దండెం మీదున్న నా మీద పడ్డాయి. నన్ను తీసి, చెయ్యి తిరగేసి, ఒకదాని పక్కన ఒకటిగా ఉన్న కుట్లు వేలితో తడిమింది.

"ఇవెవరు వేశారాంటీ?"

"నేనేనమ్మా. బట్ట సాగితేనూ."

"బట్ట సాగలేదాంటీ. మీ కండ పోయింది. లావుపాటి వాళ్ళకి ఒళ్ళు మారితే పదిమంది చెప్తారు. మీలాంటి సన్నవాళ్ళకి ఎవరూ చెప్పరు, పైగా బాగున్నారంటారు. మీకు మొదట్నించీ ఉన్న కండే తక్కువ, అందులోంచే పోతుంటది."

హైమావతి నన్ను ఆ అమ్మాయి చేతిలోంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. "తెలుసమ్మా. కుట్టు వేసిన ప్రతిసారీ తెలుసు" అంది. తప్పు తనదేనని ఆవిడ అనుకుంది. ఒళ్ళో ఉండి నేనూ అదే అనుకుంటున్నాను, నా గురించి.

ఆ రోజు నుంచి గురువారం ఉపవాసం పోయింది. పూటకో గుడ్డు, గిన్నెడు పప్పు, గడ్డ పెరుగు, సాయంత్రం శనగలు. తినలేక కళ్ళనీళ్ళు పెట్టుకునేది, తినేది. రోజు విడిచి రోజు కుర్చీలోంచి లేవడం, గోడకి చేతులాన్చి ఒంగడం, నీళ్ళ బకెట్టు ఎత్తి దించడం. కాలికి బరువు కట్టుకోవాలని ప్రిస్కిల్లా చెబితే, కత్తెర తెచ్చి నా రెండు చేతులూ కోసేసింది. ఒక మూతి కుట్టి, ఇసక నింపి, రెండో మూతీ కుట్టి, నాడాలు పెట్టింది. మిగిలిన నన్ను మసిగుడ్డల్లో వేసింది. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఆ రెండు ఇసక మూటలే. కోస్తున్నప్పుడు నొప్పి తెలియలేదు. ఇన్నాళ్ళకి ఒక శిక్ష పడిందని మనసు తేలికపడింది.

నాలుగు నెలలకి అయిదు కాదు, పన్నెండుసార్లు లేచి కూర్చుంది. ఇరవై కేజీల బియ్యం బస్తా వరండాలోంచి వంటింట్లోకి మోసింది. శ్రీకర్‌కి కబురు చేసింది. ఆదివారం పొద్దున అతను తల్లిని తెచ్చి మంచం మీద కూర్చోబెట్టి, చూద్దామన్నట్టు పక్కకి జరిగి నిలబడ్డాడు. హైమావతి పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, అక్క నడుం చుట్టూ చేతులు వేసి ఊపిరి బిగించి లేపింది.

మాణిక్యం ఇట్టే లేచివచ్చింది. బస్తాకి తయారైన చేతుల్లోకి సంచీలాగా వచ్చింది. వెనక్కి తూలబోయి హైమావతి నిలదొక్కుకుంది. అక్కని కుర్చీలో కూర్చోబెట్టి, చీర కొంగు తప్పించి ఆవిడ తొడ మీద చెయ్యి వేసి చూసింది. తొడంతా రెండు చేతుల వేళ్ళలో ఇమిడింది.

"అక్కడ మంచం దిగనిచ్చేవారు కాదే. పడతానని భయం వాళ్ళకి" అంది మాణిక్యం. కొంగు మళ్ళీ కాళ్ళ మీదికి లాక్కుని, "అందరూ సన్నబడ్డావు, బాగున్నావంటే నేనూ బానే ఉన్నాననుకున్నా" అంది.

శ్రీకర్ తల్లి కాళ్ళ వైపు చూసి, గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. హైమావతి లోపలికెళ్ళి కోడిగుడ్డు ఉడకేసి వచ్చింది. మంచం కింద నుంచి మా ఇద్దరినీ లాగి, ఒక మూట కుట్టు విప్పి, సగం ఇసక వరండాలో పారబోసి మళ్ళీ కుట్టింది. కింద కూర్చుని దాన్ని అక్క మంచికాలికి కట్టింది. రెండోది తన కాలికి కట్టుకుంది.

"ఎత్తు" అంది.

మాణిక్యం ఎత్తింది. జానెడు కూడా లేవలేదు, వణికింది. "దించకు, పది లెక్కపెట్టు" అంది చెల్లెలు. ఇద్దరూ కలిసి లెక్కపెట్టడం మొదలుపెట్టారు.