క్రిమి చొరని మందిరము

ఆషాఢమేఘములు నగరముపై నెడతెగక కురియుచుండ వీథికాల్వలు పొంగి చెత్తకుప్పలు చివికి ప్రతి నీటిబొట్టునందును కంటి కగపడని క్రిములు తామరతంపరగా వర్ధిల్లుచుండిన యా ప్రాతఃకాలమున జీవశాస్త్ర పరిశోధనాలయపుటెలుకల మందిరమున మాత్రము వాన లేదు, ఎండ లేదు, అసలు ఋతువే లేదు. వడగట్టిన గాలియు కాచి చల్లార్చిన నీరును ఆవిరిపట్టిన రంపపుపొట్టును దప్ప మఱేమియు నందు చొరకుండ మూడేండ్లుగా ఆండాళు అను పరిశోధకురాలు కావలి కాచుచుండెను.

మనుష్యులయందును ఎలుకలయందును గల యొక మాంసకృత్తు దేనికై పుట్టినదో లోకమున నెవ్వరికిని తెలియదు. రోగముల నెదుర్కొను సేనలో నదియు నొక భటుడని యాండాళు గట్టి నమ్మకము. అది నిరూపింప నెంచి యా మాంసకృత్తు పుట్టుకతోనే లేని యెలుకల సంతతి నామె కల్పించి కంటికి రెప్పవలె పెంచెను. కాని యవి తక్కినవానివలెనే తిని తిరిగి పిల్లలను బెట్టి హాయిగా బ్రదికెను.

“లేకున్నను లోటు కానరానిది వ్యర్థము గాక మఱేమి? ఆ సంతతిని రేపటిలోగా రూపుమాపుము,” అనెను పరిశోధనాలయాధ్యక్షుడు త్రివిక్రమరావు.

“అయ్యా, శత్రువే రాని కోటలో భటుడు లేని లోటెట్లు తెలియును? పాతకొట్టములోని సామాన్యపుటెలుకలతో వీనిని కొన్నాళ్లు కలిపి యుంచనిండు.”

“ఆ మురికి యిచ్చట నంటుకొన్నచో పదిమంది కష్టము మంటగలియును.”

“పోనిండు, మరల నీ సంతతిని పుట్టించుటకు వీని బీజములనైన మంచుపెట్టెలో దాచుకొననిండు.”

“వ్యర్థమునకు మంచుపెట్టె యొకటియా!” అని యాయన నవ్వెను. ఆ నవ్వు నామె మఱవజాలకపోయెను.

మఱునాడు పరుల చేతి కప్పగింప మనసొప్పక ఆండాళు తానే గూళ్లలోనికి బొగ్గుపులుసు వాయువు నెక్కించి యా చిట్టి దేహములు చల్లబడువఱకు కదలక నిలిచెను. వానికి తెగులు రాకుండ కాచిన తన శ్రద్ధయే వాని ప్రాణములు దీసెనని తలంచి వెక్కివెక్కి యేడ్చెను.

శ్రావణమున పైకప్పు చిల్లిపడి మురికినీరు మందిరమున జొచ్చెను. వారము తిరుగకమున్నే యందు మిగిలిన తక్కిన యెలుకలన్నియు జబ్బుపడి రొప్పి రొప్పి తుదకు కోలుకొనెను. వానిని కాచిన భటుడెవ్వడో తేల్చుటకు ఆ భటుడు లేని యెలుక యొక్కటియు మిగిలియుండలేదు.

త్రివిక్రమరావు పరుగున వచ్చి గుమ్మముకడ నిలిచి “ఆండాళూ, నాకు తెలియకుండ నొక్క జంటనైన దాచియుందువు గదా?” అని యడిగెను.

పెద్దల మాట కెదురాడని తన మంచితనమును ఆండాళు మొట్టమొదటిసారి యసహ్యించుకొనెను.

“మీ మాట జవదాటనైతి నయ్యా,” అని యామె కడిగి బోర్లించిన గూళ్లను చూపెను. అవి తళతళ మెఱయుచుండెను. వానియం దొక్క క్రిమియైనను లేదు.