తోడుగా వేసిన ఓటు

దర్జీ దుకాణంలో నా పని ఆల్టరేషన్. కొత్తవి కుట్టేవాళ్ళు ముందు గదిలో అద్దం పక్కన కూర్చుంటారు. బిగించాల్సినవీ వదులు చేయాల్సినవీ వెనక గదిలో ఉన్న నా మిషన్ దగ్గరికి వస్తాయి. ముప్పై ఏళ్ళుగా ఇదే పని కావడంతో నాకో జబ్బు పట్టుకుంది. దేన్ని చూసినా తిరగేసి లోపలి కుట్టు చూస్తాను. పైకి నున్నగా కనిపించేదాని లోపల ఎవరో ఏదో మడిచి దాచే ఉంటారని నా నమ్మకం. మా ఓనరు నన్ను ఇన్‌స్పెక్టర్ అని పిలుస్తాడు. పిలవనీ. ఈ గుణం వల్ల జీవితంలో నేను మోసపోయింది తక్కువే.

అందుకే, ఎన్నికలు మూడు వారాలు ఉన్నాయనగా మా తమ్ముడు భోజనం మధ్యలో ఆ మాట అనగానే నా చెయ్యి ఆగిపోయింది. ఈసారి ఓటుకి తనతో గంటలమ్మ వస్తుందట. నేను రానక్కర్లేదట. నీకెందుకక్కా శ్రమ, అని పైగా ఒక ముక్తాయింపు.

నా శ్రమ గురించి దొరగారికి దిగులు పుట్టిందంటే నేను నమ్మాలా?

దొర అంటే మా తమ్ముడే. నలభై నాలుగేళ్ళు వాడికి. పుట్టుకతోనే కాళ్ళూ చేతులూ వాడి మాట వినవు. మాట కూడా ముద్దముద్దగా సాగి సాగి వస్తుంది, కొత్తవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. తెలివికి మాత్రం లోటేం లేదు. పేజీ తిప్పేవాళ్ళు ఉండాలే గానీ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి ప్రకటన దాకా వదలడు. అన్నీ కుర్చీ దగ్గరికే తెచ్చి పెట్టాలి కాబట్టి అమ్మ వాణ్ణి దొర అనేది. అమ్మ పోయాక ఆ దొరతనం నా నెత్తిన పడింది.

గంటలమ్మ అంటే ప్రభుత్వం పంపే సాయం మనిషి. ఇలాంటి వాళ్ళున్న ఇళ్ళకి వారానికి ఇన్ని గంటలని రాస్తారు. మాకు రాసింది ఇరవై. పొద్దున తొమ్మిదికి వస్తుంది, ఒంటిగంటకి వెళ్తుంది. స్నానం చేయిస్తుంది, తినిపిస్తుంది, పేపరు తిప్పుతుంది, ఒంటిగంట కొట్టగానే ఇంకో ఇంటికి పరిగెడుతుంది. ఆవిడ వచ్చిన కొత్తలో నేను డబ్బాలో పంచదార మీద వేలితో గీత గీసి వెళ్ళేదాన్ని. రెండు నెలలైనా గీత చెరగలేదు. అయినా నాకు అనుమానం తీరలేదు, పంచదార తినని మనిషేమో అనుకున్నాను.

తన చేత్తో ముద్ర వేయలేనివాళ్ళు ఓటుకి ఒక మనిషిని తోడు తెచ్చుకోవచ్చు. ఆ వచ్చిన మనిషి ఒక ఫారం మీద సంతకం పెట్టాలి, చెప్పినవాళ్ళకే వేస్తాననీ బయట ఎవరికీ చెప్పననీ. సొంత ఓటుకి ఎడమ వేలికి సిరా పెడితే, తోడు వెళ్ళినందుకు కుడి వేలికి పెడతారు. నాలుగు ఎన్నికలుగా నా రెండు చేతులకీ సిరాయే.

నా గుండెలో రాయి ఎందుకు పడిందో కూడా చెప్పేస్తాను. పోయినసారి నేను వాడు చెప్పినచోట వేయలేదు.

ఇప్పటిలాగే అప్పుడూ పోటీ రెండు పార్టీల మధ్యే. ఒకళ్ళు గంటలు పెంచుతామన్నారు, వికలాంగుల కోసం ఇంకా చాలా చేస్తామన్నారు. రెండోవాళ్ళు ఈ ఖర్చులు మోయలేం, గంటలు తగ్గిస్తాం, దొంగ సర్టిఫికెట్లు ఏరేస్తాం అన్నారు. నేను వాళ్ళని పెంచేవాళ్ళు, తగ్గించేవాళ్ళు అనే అంటాను, అసలు పేర్లతో నాకు పనిలేదు. మా దొర కుర్చీలోంచి తల ఎత్తి, తగ్గించేవాళ్ళకి వెయ్యమన్నాడు. వీడికి మతి పోయిందనుకున్నాను. అప్పటికింకా గంటలమ్మ లేదు. నేను మధ్యాహ్నం దుకాణం నుంచి పరుగున వచ్చి వాడికి తినిపించి, మార్చి, మళ్ళీ పరుగున పోయేదాన్ని. ఎందుకని వాణ్ణి అడగలేదు. అట్ట గోడ వెనక నిలబడి పెంచేవాళ్ళకి ముద్ర కొట్టాను. వేశావా అన్నాడు. వేశాను అన్నాను. వాళ్ళే గెలిచారు, ఆర్నెల్లకి గంటలమ్మ వచ్చింది. తప్పు చేశానని అప్పట్లో ఒక్క పూట కూడా అనిపించలేదు.

ఇప్పుడు మాత్రం నిద్ర లేకుండా లెక్కలు కట్టాను. వాడికి తెలిసిపోయిందా? ఎలా తెలుస్తుంది? ఓటు పెట్టె పక్క బల్ల నా ఛాతీ ఎత్తుంటుంది, వాడి కుర్చీలోంచి అట్ట తప్ప ఏమీ కనిపించదు. పోనీ గంటలమ్మ ఏదైనా నూరిపోసిందా? నూరిపోస్తే పెంచేవాళ్ళకే వెయ్యమంటుంది, ఆవిడ బతుకు ఆ గంటల మీదే కదా. అదే నాకూ కావలసింది. మరైతే నాకెందుకింత మంట? ఈ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి నాకు నా మీదే ఒళ్ళు మండేది.

వారం రోజులు ఓపిక పట్టాను. ఆ తర్వాత ఓనరుతో పన్ను నొప్పి అని అబద్ధం చెప్పి పదకొండింటికే ఇంటికొచ్చాను. మాది కింది వాటా. వీధి తలుపు వైపు వెళ్ళకుండా పక్క సందులోకి తిరిగి, బట్టలారేసే తీగ కింద, కిటికీ పక్కన నిలబడ్డాను. యాభై మూడేళ్ళ మనిషిని, సొంత ఇంటి గోడకి చెవి ఆనించి నిలబడ్డాను. ఎదురింటి డ్రైవరు చూసి ఏమనుకున్నాడో ఏమో, తల తిప్పుకుని బండి తుడుచుకున్నాడు.

లోపల గంటలమ్మ ఏదో చదువుతోంది. శాశ్వత సంరక్షణ భవనం, ఊరి బయట, రెండు వందల పడకలు, రాబోయే బడ్జెట్‌లో నిధులు రాగానే పూర్తి. మీ దరఖాస్తు మేరకు మీ పేరు జాబితాలో పంతొమ్మిదో స్థానంలో ఉన్నది.

ఆ దరఖాస్తు పెట్టింది నేను. రెండేళ్ళ కిందట, నడుం పట్టేసి పదకొండు రోజులు లేవలేకపోయినప్పుడు. గంటలమ్మ ఉండే ఆ నాలుగు గంటలు పోను, పక్కింటి పిన్నిగారే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి వాడికి మంచినీళ్ళు పట్టించి వెళ్ళేది. పన్నెండో రోజున కర్ర పట్టుకుని ఆఫీసుకి వెళ్ళి వాడి పేరు రాయించి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఆ సంగతే మర్చిపోయానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

"ఎన్నిసార్లు చదివించుకుంటారు దొరగారూ, మాటలు మారతాయా ఏమన్నా?" అంది గంటలమ్మ. వాడేదో అన్నాడు, కుర్చీ చప్పుడులో నాకు వినపడలేదు. ఆవిడ మాత్రం ప్రతి మాటా గట్టిగా అంది. "మీరు చెప్పినచోటే వేస్తాను. తగ్గించేవాళ్ళకి అంటే తగ్గించేవాళ్ళకే. నా గంటలు పోతే ఇంకో పని చూసుకుంటాను. ఒట్టు."

ఇంక ఆగలేక లోపలికి వెళ్ళాను. తప్పు నాది కాబట్టి ముందు నేనే అరిచాను. మా ఇంటికొచ్చిన ఉత్తరం విప్పడానికి నువ్వెవరని గంటలమ్మ మీద పడ్డాను. ఆవిడ కవరు చూపించింది. కవరు మీద దొర పేరే ఉంది. ప్రభుత్వం దృష్టిలో ఆ దరఖాస్తు వాడిది. వాడి ఉత్తరం వాడు చదివించుకున్నాడు.

తమ్ముడు కోప్పడి ఉంటే బావుండేది. వాడు కోప్పడలేదు. పోయిన ఎన్నికలప్పుడు కూడా పెంచేవాళ్ళ హామీల కాగితంలో ఈ భవనం మాట ఉందట. వాళ్ళు గెలిస్తే భవనం లేస్తుందనీ, లేచిందంటే ఎప్పటికో అప్పటికి నేను వాణ్ణి అక్కడ పెడతాననీ వాడికి అప్పటినుంచే భయమట. నేను రేపే ఆఫీసుకెళ్ళి పేరు కొట్టించేస్తానన్నాను.

"కొట్టించకు," అన్నాడు. "నీ నడుం సంగతి నాకు తెలీదా? నువ్వు మంచాన పడితే నేనెక్కడికి పోవాలి? పేరు ఉండనీ. కానీ ఆ భవనం కట్టండని నా ఓటుతో నేను అడగను."

"సరే, అలాగే వేస్తాలేరా. నేనే వస్తాను, నువ్వు చెప్పినచోటే వేస్తాను."

వాడు చాలాసేపు మాట కూడదీసుకున్నాడు. "నువ్వు మోసం చేస్తావని కాదక్కా. నాకు మంచి చేస్తావని భయం."

నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఏడుపు వినపడకూడదని.

ఓటు రోజు నేను ముందుగా వెళ్ళి నా ఓటు వేసుకున్నాను, పెంచేవాళ్ళకే. అందులో దాపరికం లేదు, నాకా గంటలు కావాలి. తర్వాత ఇంటికొచ్చి దొర కాలర్ సర్దుతుంటే గంటలమ్మ వచ్చింది. ఆవిడ కుర్చీ పిడి పట్టుకోగానే నా కళ్ళు అలవాటు కొద్దీ చేతుల మీదికి వెళ్ళాయి. ఎడమ వేలికి సిరా. కుడి వేలికీ సిరా.

నాకు వెంటనే అర్థమైంది. ఒంటిగంట తర్వాత ఆవిడ వెళ్ళే ఇంట్లో చూపులేని ముసలాయన ఉన్నాడు. పొద్దున్నే ఆయన్ని తీసుకెళ్ళి, పెట్టమన్నచోట సంతకం పెట్టి ఉంటుంది. ఒక ఎన్నికలో ఒక మనిషి ఒక్కరికే తోడు వెళ్ళాలి. ఆ ఫారంలో కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది ఆ సంగతి. నాలుగుసార్లు సంతకం పెట్టినదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఆవిడకి తెలీదు.

అక్కడే చెప్పొచ్చు. పక్కింటి పిన్నిగారు ఖాళీగానే ఉంది, ఆ పదకొండు రోజులూ మంచినీళ్ళు పట్టించిన మనిషికి వాడి మాట కొంచెం అర్థమవుతుంది కూడా. నేను చెప్పలేదు. కాలర్ సర్ది, జాగ్రత్తగా వెళ్దాం పదండి అన్నాను. లోపల ఏ మూలో సంతోషంగా కూడా ఉంది. అది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

స్కూలు గదిలో అధికారి గంటలమ్మ వేలు చూసి కుదరదన్నాడు. ఆవిడ మొహం తెల్లబోయింది. నాకు తెలీదు సార్, ఒకసారికి వదిలేయండి, మాటిచ్చాను సార్ అని బతిమాలింది. తన పని తనే పోగొట్టుకోవడానికి అంతగా బతిమాలే మనిషిని నేనింతవరకూ చూడలేదు. కావాలంటే నేనే సాయం చేస్తానని అధికారి దొర మొహం మీదికి వంగాడు. వాడు చెప్పింది ఆయనకి అర్థం కాలేదు. రెండోసారి చెప్పాడు, కాలేదు. గది అంతా మమ్మల్నే చూస్తోంది. చివరికి వాడు ఎవరికైనా అర్థమయ్యే ఒక్క మాట అన్నాడు.

"అక్క."

సంతకం పెట్టాను. అట్ట గోడ వెనక్కి కుర్చీ తోసుకుంటూ వెళ్ళాను. బల్ల మీద కాగితం పరిచి, ముద్ర చేతిలోకి తీసుకున్నాను. వాడు కింద నుంచి నా మొహాన్నే చూస్తున్నాడు. అబద్ధమెందుకు, నా చెయ్యి పెంచేవాళ్ళ గడి మీదికి వెళ్ళింది. ఇరవై గంటలు, నా నడుం, వాడి స్నానం, అన్నీ ఆ చేతిలోనే ఉన్నాయి. ఒక్క నొక్కు నొక్కి, మడిచి, వేశాను అంటే అయిపోతుంది. కానీ బయట గంటలమ్మ ముక్కు చీదుకోవడం వినిపిస్తోంది. ఆవిడ ఇచ్చిన మాట నిలబెట్టుకోలేక ఏడుస్తోంది. నేను నిలబెట్టుకోగలిగి కూడా ఇలా నిలబడ్డాను. నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు.

కాగితం తీసి వాడి కుర్చీ చేతుల మీద ఉన్న పలక మీద పెట్టాను.

వాడు మొదట కాగితాన్ని చూళ్ళేదు, నన్ను చూశాడు. తర్వాత తల వంచాడు.

"ఇంత పొడుగుంటుందా?" అన్నాడు.

అప్పుడు తట్టింది నాకు. అమ్మ తీసుకెళ్ళినప్పుడు గానీ, నేను తీసుకెళ్ళినప్పుడు గానీ, వాడు ఓటు కాగితం చూడనేలేదు. ఇన్నేళ్ళుగా అట్ట కింది భాగాన్ని చూసి ఇంటికొచ్చాడు. మాకెవరికీ చూపించాలని తోచలేదు. వాడు పై నుంచి కింది దాకా పన్నెండు పేర్లూ ఒక్కొక్కటీ చదివాడు, గెలవని వాళ్ళవి కూడా. అయ్యిందా అమ్మా అని అధికారి రెండుసార్లు అడిగాడు. వాడు చదివేదాకా కాలేదన్నాను.

తర్వాత చెప్పాడు. తగ్గించేవాళ్ళకే. వాడు చూస్తుండగా ఆ గడిలో ముద్ర వేశాను.

"పోయినసారీ ఇక్కడే వేశావా?"

"లేదు," అన్నాను.

వాడు కాగితం మీంచి తల ఎత్తలేదు. నేను మడవబోయాను.

"ఆరనీ," అన్నాడు. "తడి మీద మడిస్తే ఇంకో గడికి అంటుకుంటుంది. చెల్లదు."

వెనక జనం గొణుగుతున్నారు. నేను కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ముద్ర మీద ఊదుతూ ఉండిపోయాను. వాడు ఒక్క క్షణం కూడా దాని మీంచి చూపు తిప్పలేదు. నన్ను నమ్మాడో లేదో తెలీదు. కాగితాన్ని మాత్రం తను చాలనేదాకా మడవనివ్వలేదు.