మూడో కుర్చీ

ఆ ఉదయం ఆకాశం పలచటి మజ్జిగలా ఉంది. తూర్పున మాత్రం ఒక చీలిక, అందులోంచి పసుపు వెలుగు. కొంగలు తిరిగొచ్చాయి. రెండు కొంగలు పొలంలో కరగని మంచు మీద నిలబడి అరుస్తున్నాయి. నేను కొట్టంలో ఉన్నాను. నిజానికి ఉండకూడదు, ఆ రోజు నాకు సెలవు.

ఆవులున్నవాళ్ళం సెలవు పెడితే ఊరి కార్యాలయం మా బదులు పని చెయ్యడానికి ఒక మనిషిని పంపుతుంది. ఆవిడ వచ్చేలోపు మేం నాలుగింటికే లేచి కొట్టమంతా కడిగేస్తాం. పరాయి మనిషి చూసి ఏమనుకుంటుందోనని. ఈ చుట్టుపక్కల ఆడవాళ్ళందరం అంతే.

ఆ రోజు నా బదులు వచ్చిన రీట్టా గుమ్మంలో ఆగింది. "కైసూ, సెలవు నీకా నాకా? నాకేం మిగిల్చావే, ఆవులతో కబుర్లా?"

"చివరి రెండింటికీ పాలు తియ్యలేదుగా."

"ఆ నీళ్ళ గొట్టం ఇటివ్వు. ఇస్తావా, నిన్ను కూడా కలిపి కడిగెయ్యనా?"

లాక్కుంది. నేను వదిలేశాను.

ఫిబ్రవరిలో ఒక పొద్దున పాల మిషను చేత్తో పట్టుకుని మేత బస్తా మీద కూలబడ్డాను. లేవలేకపోయాను. మా ముసలి ఆవు మన్సిక్కి వంగి నా జుట్టు నాకింది. ఇరవై ఆరేళ్ళలో ఆ ఇంట్లో నా తల నిమిరింది అదొక్కటే అని తోచి ఏడుపొచ్చింది. మా ఆయన ఓస్మో వచ్చి చూసి "వంట్లో బాగాలేదా?" అన్నాడు. బాగాలేదన్నాను. "అయితే కాఫీ తాగు" అన్నాడు. చెడ్డవాడు కాదు. కాఫీ కూడా నేనే పెట్టుకోవాలని అతనికి తట్టలేదు, అంతే. ఆ వారమే బ్యాగు సర్ది మంచం కిందికి తోశాను. రెండు జతల బట్టలు, ఉన్ని మేజోళ్ళు, మా అమ్మ ఫొటో. వెళ్ళాలని లేదు. ఈ ఆవులతోనే, ఈ ఇంట్లోనే ఉండాలని ఉంది. కానీ ఇలా ఉండలేను. ఉండటానికి దారి దొరక్కపోతే వేసవి లోపు వెళ్ళిపోవాలని నాకు నేనే గడువు పెట్టుకున్నాను.

ఆరోగ్య కేంద్రంలో నర్సు మానసిక చికిత్స చేసేవాళ్ళ జాబితా ఇచ్చింది. మొదటాయన, నేను వెళ్ళిన మూడుసార్లూ మా అమ్మ గురించే అడిగాడు. ఇంకా మూడేళ్ళు పడుతుందన్నాడు. మూడేళ్ళలో మన్సిక్కి కూడా ఉండదు. రెండో ఆవిడ దగ్గర వరస శరత్కాలం దాకా ఉంది. మూడో పేరు కింద 'పరిష్కారం మీద దృష్టి పెట్టే క్లుప్త చికిత్స' అని ఉంది. క్లుప్తం అన్న మాట నచ్చింది. మా వైపు మనుషులం అన్నీ క్లుప్తమే. ఫోన్ చేస్తే సైలా అనే ఆవిడ ఎత్తింది. "ఎన్నిసార్లు రావాలో ముందే చెప్పను. వచ్చిన ప్రతిసారీ, ఇంకోసారి అవసరమా అని మీరే తేల్చుకుందురు గాని" అంది. ఫోన్ పెట్టేసి వంటింట్లో అటూ ఇటూ నడిచాను.

"మాట్లాడ్డానికి తొంభై కిలోమీటర్లు పోవాలా? ఆవుల్లేవూ?" అన్నాడు ఓస్మో. మా అత్తయ్య హెల్వి అల్లిక మీంచి తలెత్తకుండా "మా రోజుల్లో అలసిపోతే ఇంకో పని మొదలెట్టేవాళ్ళం" అంది.

రీట్టా వచ్చిన ఆ సెలవు రోజే సైలా దగ్గరికి వెళ్ళాను. గదిలో రెండు కుర్చీలు, ఒక కిటికీ. మా అమ్మ గురించి అడగలేదు.

"సున్నా నుంచి పది దాకా, ఇప్పుడు ఎక్కడున్నారు?"

"మూడు." ఎందుకంత తక్కువ అంటుందని వీపు బిగించుకున్నాను.

"సున్నా కాకుండా మూడు ఎలా అయింది?"

ఇది నేననుకోని ప్రశ్న. "ఆవులున్నాయిగా" అన్నాను. ఆమె తలూపి ఇంకోటి అడిగింది.

"నాకు ఫోన్ చేసినప్పట్నుంచి ఏదైనా కాస్త మారిందా?"

"ఏం లేదు" అన్నాను. తర్వాత గుర్తొచ్చింది. "ఈ పొద్దున నీళ్ళ గొట్టం వదిలేశాను. వేరే మనిషి కడిగింది."

"ఎలా వదలగలిగారు?"

ఎలా వండావు, ఎలా పిండావు అని కూడా నన్నెవరూ అడగలేదు. ఎలా వదిలావని అడుగుతోంది. "వేళ్ళు తెరిచాను" అన్నాను. ఇద్దరం నవ్వాం.

అప్పుడు అడిగింది. "ఈ రాత్రి మీరు నిద్రలో ఉండగా ఏదో అద్భుతం జరిగి, మిమ్మల్ని ఇక్కడికి తెచ్చిన కష్టం పోయిందనుకోండి. జరిగిందని మీకు తెలీదు. రేపు దేన్ని చూసి తెలుసుకుంటారు?"

కిటికీ చూరు నుంచి మంచు కరిగి చుక్కలు పడుతున్నాయి. మా వంటింట్లో బల్లకి మూడు కుర్చీలు. మూడోదాని మీద పాత పేపర్లు, ఓస్మో చేతి తొడుగులు. వాళ్ళిద్దరూ తింటారు. నేను పొయ్యికి ఆనుకుని నిలబడి, పాలు, ఉప్పు, వెన్న అందిస్తూ, చల్లారిన బంగాళాదుంప తింటాను.

"కూర్చుంటాను. భోజనానికి."

"మీరు కూర్చున్నారని ముందు ఎవరు కనిపెడతారు?"

"అత్తయ్య. పాలు అడుగుతుంది. పాలు రావు."

"అప్పుడు?"

నవ్వొచ్చింది. "ఏమవుతుందో తెలీదండీ. ఇరవై ఆరేళ్ళుగా నేనెప్పుడూ చూడలేదు."

"చూడాలనుందా?"

మే నెలలో మొదటిసారి పచ్చిక మీదికి వదిలితే ముసలి ఆవులు కూడా కాళ్ళెత్తి దూకుతాయి. నాలో ఏదో అలా దూకింది. రెండు వారాల తర్వాత వస్తానన్నాను, ఏమైందో చెప్పడానికి. దారంతా కారు కిటికీ దించుకుని నడిపాను. చలి కొరికింది. పాటలేవీ రావు నాకు, అయినా పాడాను.

ఇంటికొచ్చి బ్యాగులోంచి ఉన్ని మేజోళ్ళు తీసి తొడుక్కున్నాను. మిగతావి తియ్యలేదు.

సాయంత్రం పాలు తీసే వేళకి ముందు, అయిదింటికి భోజనం. చేపల పులుసు, ఉడికించిన బంగాళాదుంపలు బల్ల మీద పెట్టాను. మూడో కుర్చీ మీది పేపర్లు, తొడుగులు నేల మీద పెట్టాను. కూర్చున్నాను.

ఓస్మో కుర్చీకేసి చూశాడు. తర్వాత తొడుగుల కేసి.

"పాలేవీ?" అంది అత్తయ్య.

నా మోకాళ్ళు లేవబోయాయి. బల్ల కింద రెండు చేతులతో పట్టుకున్నాను. అత్తయ్య నన్ను చూసింది. నేను బంగాళాదుంపని చూశాను.

ఓస్మో లేచాడు. ఫ్రిజ్ తెరిచి కాసేపు నిలబడ్డాడు, పాలు ఎక్కడుంటాయో వెతుకుతూ. డబ్బా తెచ్చాడు, రెండు గ్లాసులు తెచ్చాడు. కూర్చోబోయి, మళ్ళీ వెళ్ళి ఇంకోటి తెచ్చి నా ముందు పెట్టాడు.

తిన్నాం. నేను బంగాళాదుంపని చిదిమాను. మధ్యలోంచి ఆవిరి లేచి నా కళ్ళజోడు మసకబారింది.